జవాబు సరిపోయింది, మార్కులు పోయాయి

ప్రశ్న: లీనియర్ ప్రోగ్రామింగ్‌లో (ఇచ్చిన షరతులు దాటకుండా లాభం లాంటిదాన్ని గరిష్ఠం చేసే లెక్కలు) మాకు ఈ లెక్క ఇచ్చారు. ఒక వర్క్‌షాపులో పెద్ద సంచులు, చిన్న సంచులు తయారవుతాయి. పెద్దదానికి కటింగ్ 20 నిమిషాలు, కుట్టు 60 నిమిషాలు. చిన్నదానికి కటింగ్ 20, కుట్టు 30. వారానికి కటింగ్‌కు 20 గంటలు, కుట్టుకు 40 గంటలు దొరుకుతాయి. పెద్ద సంచి మీద లాభం 90, చిన్నదాని మీద 60. చిన్న సంచులు పెద్దవాటికి కనీసం రెట్టింపు ఉండాలి. లాభం గరిష్ఠం కావాలంటే ఏవి ఎన్ని కుట్టాలి? నాకు పెద్దవి 20, చిన్నవి 40, లాభం 4,200 వచ్చింది. పుస్తకంలోనూ అదే ఉంది. అయినా చివరి షరతు తప్పు రాశానని సార్ మార్కులు తీసేశారు. జవాబు కరెక్టయితే షరతు తప్పెలా అవుతుంది? ఇంకో డౌటు: అద్దె, జీతాలు లాభంలోంచి తీసేయాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ పేపరు చూశాను. పెద్దవాటిని ప, చిన్నవాటిని చ అనుకుని, గంటలను నిమిషాల్లోకి మార్చి 20ప + 20చ ≤ 1,200, 60ప + 30చ ≤ 2,400 అని రాశారు. బాగుంది. గంటలూ నిమిషాలూ కలిపేసేవాళ్లే ఎక్కువ. చివరి షరతు మాత్రం 2చ ≥ ప అని ఉంది. ‘రెట్టింపు చిన్నవి’ అని చదవగానే చేయి 2ను చ పక్కన పెట్టేస్తుంది. నిజంగా పెద్దవి 10 కుడితే చిన్నవి కనీసం 20 ఉండాలి కదా. మీ షరతు ప్రకారం 5 ఉన్నా చాలు! రాయాల్సింది చ ≥ 2ప.

మరి జవాబెలా సరిపోయింది? మీ షరతు ఈ లెక్కలో ఏమీ అడ్డుకోలేదు. అది లేకపోయినా గ్రాఫులో కటింగ్, కుట్టు గీతలు కలిసే చోటే, అంటే (20, 40) దగ్గరే గరిష్ఠ లాభం వస్తుంది. అసలు షరతు కూడా సరిగ్గా ఆ బిందువు గుండానే పోతుంది. అందుకే తప్పు బయటపడలేదు.

ఇప్పుడు కుట్టుకు 40 బదులు 50 గంటలు ఇచ్చి చూడండి. మీ షరతుతో పెద్దవి 40, చిన్నవి 20, లాభం 4,800 వస్తుంది. యజమాని ఆ లెక్క నమ్మి అదనపు గంటలకు డబ్బు పెడతాడు. సరైన షరతుతో చేస్తే జవాబు అదే 20, 40, లాభం అదే 4,200. కొత్తగా వచ్చిన 10 గంటలూ ఖాళీ! అక్కడ అడ్డు కుట్టు కాదు, కటింగూ ఆ రెట్టింపు నియమమూ. మీ సార్ మార్కులు తీసింది ఇందుకే, నేనైనా తీసేదాన్నే. 1947లో గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలు విప్పే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక వేల చలరాశులున్న లెక్కలను కూడా కంప్యూటర్లు విప్పేస్తున్నాయి. కానీ షరతు తిరగేసి రాస్తే కంప్యూటర్ దాన్నే నమ్మి లెక్క చేసిపెడుతుంది. రాసే బాధ్యత పూర్తిగా మనదే.

కాబట్టి షరతు రాసిన ప్రతిసారీ రెండు జతల సంఖ్యలు వేసి చూడండి. మాటల్లో ఒప్పుకునేది ఒకటి, ఒప్పుకోనిది ఒకటి. ఒప్పుకోనిదాన్ని వేసి చూడటం చాలామంది మర్చిపోతారు, తప్పు దొరికేది అక్కడే. ఇక్కడ (10, 5) వేసి ఉంటే వెంటనే పట్టుబడేది. ‘ప = పెద్ద సంచులు’ అని వదిలేయకుండా ‘వారంలో తయారయ్యే పెద్ద సంచుల సంఖ్య’ అని పూర్తిగా రాయడం కూడా అలవాటు చేసుకోండి.

అద్దె విషయం. ఎన్ని సంచులు కుట్టినా అద్దె మారదు. దాన్ని తీసేస్తే గ్రాఫులో గీతలు కలిసే ప్రతి మూల దగ్గరా లాభం ఒకే మొత్తం తగ్గుతుంది, ఏ మూల ఉత్తమమో మారదు. చివర్లో 4,200లోంచి తీసుకుంటే చాలు. గుడ్డ, దారం, జిప్పు అలా కాదు, సంచి సంచికీ పడే ఖర్చు. లెక్కలో లాభం 90 అని ఇచ్చేశారు కాబట్టి మీకు ఆ పని లేదు. సొంతంగా ఒక వ్యాపారానికి లెక్క వేసేటప్పుడు మాత్రం వాటిని ముందే అమ్మకం ధరలోంచి తీసేయాలి. కుట్టుకూలి సంచికి ఇంత అని ఇస్తుంటే అదీ అక్కడే పోతుంది. నెల జీతమైతే అద్దెతో పాటు చివర్లో.