భక్తి ఎక్కువ ఉన్నవాళ్ళకే "తప్పు నాది" అనడం ఎందుకంత కష్టం?

మీరు రెండు విషయాలు అడిగారు. ప్రార్థన, ఉపవాసం, వాక్యం అన్నీ ఉన్నవాళ్ళు మారుమనస్సు (తప్పు ఒప్పుకుని మారడం) దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతారు అన్నది మొదటిది. మీ ఇంట్లో రోజూ బైబిలు చదివే పెద్దాయన ఒక్కసారి కూడా క్షమాపణ అడగలేదు, ఆయనతో ఎలా మాట్లాడాలి అన్నది రెండోది. చాలా ఏళ్ళు సంఘ కమిటీలో ఉన్నాను. కొన్ని గొడవలు దగ్గరనుంచి చూశాను. దాన్నిబట్టి నాకు అర్థమైంది రాస్తున్నాను.

గర్వం ఉన్న భక్తుడు "నేను పాపిని కాను" అంటాడని చాలామంది అనుకుంటారు. అలా అన్న క్రైస్తవుణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరూ పాపం చేశారన్న వచనం చిన్నప్పుడే కంఠతా వచ్చేస్తుంది కదా, ఆ మాట అనే వీలే ఉండదు. గర్వం అంతకంటే తెలివైనది. "పాపం చేశాను, నిజమే. నా గౌరవం మాత్రం పోకూడదు" అంటుంది.

ఇది నా సొంత మాట కాదు, సౌలు రాజు మాట. మొదటి సమూయేలు 15వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. అమాలేకీయులకు కలిగినదేదీ మిగల్చవద్దని ఆజ్ఞ. సౌలు మంచి గొర్రెల్ని, ఎడ్లను మిగిల్చి, సమూయేలు ఎదురుపడగానే "యెహోవా ఆజ్ఞను నెరవేర్చాను" అని తానే ముందుగా చెప్పాడు. మరి ఈ గొర్రెల అరుపులేమిటి అని ప్రవక్త అడిగితే, ప్రజలు తెచ్చారు, నీ దేవునికి బలి ఇవ్వడానికే అన్నాడు. ఎంత భక్తిగా ఉందో చూడండి, అవిధేయతకు ఆరాధనే సాకు. చివరికి తప్పించుకునే దారి లేక "నేను పాపము చేసితిని" అని కూడా అన్నాడు. ఆ వెంటనే అడిగింది మాత్రం, పెద్దలముందు, ఇశ్రాయేలీయులముందు నన్ను ఘనపరచు, నాతో కూడ రా అని. నోటితో ఒప్పుకున్నాడు, కళ్ళు జనం మీదే ఉన్నాయి.

సౌలు తర్వాత రాజైన దావీదు చేసినవి అంతకంటే ఘోరం. వ్యభిచారం, ఆపైన హత్య. కానీ నాతాను ప్రవక్త వేలెత్తి చూపినప్పుడు దావీదు జవాబు ఒక్క వాక్యం, "నేను పాపము చేసితిని". దాని వెనక షరతు లేదు, పరువు గురించి అడగడం లేదు. పాపం పెద్దదా చిన్నదా అని తూకం వేస్తే ఈ ఇద్దరి కథలూ అర్థం కావు. ఒప్పుకున్నాక తనకేం మిగలాలని పట్టుబట్టారో చూస్తేనే అర్థమవుతాయి.

సౌలు లాంటి ఒప్పుకోలు నేను సంఘంలోనే చూశాను. ఒక వార్షిక సమావేశంలో, భర్తను పోగొట్టుకున్న ఒక అక్క లెక్కల గురించి ఏదో అడిగింది. మామూలు ప్రశ్నే. సంఘపెద్ద ఒకాయన అందరిముందు "నువ్విచ్చే కానుక ఎంతని లెక్కలడుగుతున్నావు?" అన్నారు. ఆమె కూర్చుండిపోయింది. మరుసటి ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేసింది ఆయనే. "ప్రభువా, మా మాటలవల్ల ఎవరి మనసైనా నొచ్చుకొని ఉంటే మమ్మల్ని క్షమించు" అని గొంతు వణుకుతుండగా అడిగారు. అందరం ఆమేన్ అన్నాం. ఆ "ఎవరైనా" రెండో వరసలోనే కూర్చుని ఉంది. బయటికి వస్తున్నప్పుడు ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఆయన దేవుణ్ణి అడిగాడు తమ్ముడూ, నన్ను అడగలేదు."

తర్వాత నేను ఆయన్ని కలిసి ఒక్కసారి ఆమె ఇంటికి వెళ్ళి రమ్మన్నాను. ఆయనకేమీ కోపం రాలేదు. చాలా నింపాదిగా, "నేను వెళ్ళి సారీ చెబితే రేపు సంఘంలో నా మాట ఎవరు వింటారు? నాకేం పోయింది, దేవుని పనికి నష్టం" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా నమ్మారు. మామూలు అహంకారానికీ భక్తిలో పుట్టే అహంకారానికీ తేడా నాకు అక్కడే తెలిసింది. డబ్బుతోనో, చదువుతోనో వచ్చిన గర్వమైతే కనీసం ఏదో ఒకరోజు మనిషికి సిగ్గు వేస్తుంది. ఇక్కడ తన పరువునూ దేవుని పరువునూ కలిపి ముడేసుకున్నాడు కాబట్టి, తన పరువు కాపాడుకోవడమే సేవ అనిపిస్తుంది. దాని గురించి పశ్చాత్తాపపడాలన్న ఆలోచన ఇక ఎక్కడినుంచి వస్తుంది? ఆయన చనిపోయేదాకా సంఘంలో ఆయన మాట చెల్లింది. ఆ అక్క మాత్రం మళ్ళీ సమావేశంలో నోరు విప్పలేదు.

ఆ రోజుల్లోనే యూత్‌లో ఒక కుర్రాడు కూటం డబ్బుల్లోంచి కొంత వాడుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు, అడగలేదు. తనే ట్రెజరర్ దగ్గరికి వచ్చి డబ్బు బల్లమీద పెట్టి "ఇది నేను తీశాను, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఆ మాటలో వచనం లేదు, కన్నీళ్ళు లేవు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా అంతే. లూకా 19లో అతను చెప్పింది డబ్బు లెక్క. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తాను అన్నాడు.

సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్ళు), వేశ్యలు మీకంటే ముందు దేవుని రాజ్యంలోకి వెళ్తారని యేసు మత్తయి 21లో ప్రధాన యాజకులతోనూ పెద్దలతోనూ అన్నది అందుకేనని నా అభిప్రాయం. వాళ్ళ పాపం తక్కువని కాదు. ఊరంతా పాపి అని పిలిచేవాడికి పోగొట్టుకోవడానికి ఏముంది? ఒప్పుకోవడానికి ఖర్చు లేదు. ముప్పై ఏళ్ళు నీతిమంతుడిగా పేరు తెచ్చుకున్నవాడికి అదే ఒప్పుకోలు చాలా ఖరీదు.

మరో విషయం. మన సాక్ష్యాలు జాగ్రత్తగా వినండి. తాగేవాణ్ణి, కొట్టేవాణ్ణి, అబద్ధాలాడేవాణ్ణి అని చాలా ధైర్యంగా చెబుతారు. ఆ పాపాలన్నీ బాప్తిస్మానికి ముందువే! ఆ తర్వాత పదిహేనేళ్ళ జీవితంలో ఒక్క తప్పు కూడా సాక్ష్యంలోకి రాదు. పాత పాపం ఎంత పెద్దదైతే ఇప్పటి మనిషి అంత గొప్పవాడిగా కనిపిస్తాడు, అందుకే చెప్పడం తేలిక. నిన్న సాయంత్రం భార్యమీద అరిచింది చెప్పడం కష్టం. 1517లో మార్టిన్ లూథర్ రాసిన 95 ప్రతిపాదనల్లో మొట్టమొదటిదే దీని గురించి. యేసు పశ్చాత్తాపపడమన్నప్పుడు విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని కోరాడన్నది దాని సారాంశం. లూథర్ పేరు చెప్పుకునే సంఘాల్లోనే మారుమనస్సు ఒక తేదీగా మారిపోవడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది. "మీరు ఎప్పుడు మారుమనస్సు పొందారు?" అని అడుగుతాం. ఈ వారం దేని గురించి అని ఎవరూ అడగరు.

లూకా 18లోని పరిసయ్యుడు, సుంకరి ఉపమానం మీకు తెలిసే ఉంటుంది: నియమనిష్ఠలకు పేరుపడ్డ పరిసయ్యుడు, పాపినైన నన్ను కరుణించు అనే సుంకరి, ఇద్దరూ దేవాలయంలో ప్రార్థన చేస్తారు. అందులో ఒకటి గమనించండి. పరిసయ్యుడు చెప్పినవి అబద్ధాలని యేసు అనలేదు. ధర్మశాస్త్రం అందరికీ విధిగా పెట్టిన ఉపవాసం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే అయితే, ఆయన వారానికి రెండుసార్లు ఉండేవాడు. సంపాదనంతటిలో పదోవంతు ఇచ్చేవాడు. అంటే అడిగినదానికంటే ఎక్కువే చేశాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువ చేసినవాడికి దేవుని దగ్గర నిల్వ ఉందనిపిస్తుంది, నిల్వ ఉన్నవాడు అప్పు రద్దు చేయమని ఎందుకు అడుగుతాడు? పైగా ఆయన ప్రార్థనలో పక్కవాడు ఉన్నాడు, "ఈ సుంకరివలె" అని. సుంకరి ప్రార్థనలో పక్కవాడు లేడు. ప్రసంగం వింటూ "ఈ మాట ఫలానావాళ్ళకి గట్టిగా తగిలింది" అనుకోని ఆదివారం మనలో ఎంతమందికి ఉంటుందో! బీదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను చెప్పగా విన్నప్పుడు దావీదుకూ మొదట అదే జరిగింది. ఆ మనిషి చావాలని, నాలుగంతలు చెల్లించాలని తీర్పు చెప్పేశాడు. "ఆ మనిషివి నీవే" అనే నాతాను దొరికాడు కాబట్టి సరిపోయింది.

తొలినాటి క్రైస్తవ బోధల సంకలనం 'దిదఖే'లో ఒక సూచన ఉంది. వేషధారులు సోమ, గురువారాల్లో ఉపవాసం ఉంటారు కాబట్టి మీరు బుధ, శుక్రవారాల్లో ఉండండి అని. చదివినప్పుడు నవ్వొచ్చింది. రోజులైతే మారాయి. ఆర్థడాక్స్ సంఘాలు ఈ ప్రమాదాన్ని బాగా కనిపెట్టాయనిపిస్తుంది. ఈస్టరు దాకా సాగే మహా ఉపవాసకాలానికి ముందు వాళ్ళకు సుంకరి, పరిసయ్యుల ఆదివారం ఉంటుంది. ఆ తర్వాతి వారమంతా, మామూలుగా ఉపవాసముండే బుధ, శుక్రవారాల్లో సైతం ఉపవాసం ఉండదు. ఉపవాసాన్ని చూసుకుని పరిసయ్యుడిలా మురిసిపోకూడదని, ఉపవాసకాలం మొదలవకముందే ఆ జాగ్రత్త.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో క్రీస్తుకోసం నష్టంగా ఎంచుకున్నవాటి జాబితా చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎనిమిదో రోజున సున్నతి, బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రం విషయంలో నిందలేనివాడు. సంఘాన్ని హింసించానన్న మాట కూడా అందులో ఆసక్తికి రుజువుగానే వస్తుంది. అన్నీ ఒకప్పుడు ఆయనకు అర్హతలే! పాపాల్ని వదిలెయ్యాలని అందరికీ తెలుసు. మంచి పేరును కూడా వదలాల్సి వస్తుందని ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పినా వినబుద్ధి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. నోరు విప్పనివాళ్ళందరూ గర్విష్ఠులు కాదు. నమ్మి చెప్పుకున్న విషయం వారం తిరిగేసరికి "ప్రార్థన అంశం" పేరుతో పదిమందికి పాకిపోయిన అనుభవం ఉన్నవాళ్ళు నాకు తెలుసు. అలాంటివాళ్ళు మౌనంగా ఉంటే అది భయం, దానికి సంఘమే బాధ్యత వహించాలి. ఒప్పుకోలు అంటే మైకు ముందు నిలబడటమని కూడా కాదు. ఎవరికి తప్పు చేశామో వాళ్ళ దగ్గర ఒప్పుకుంటే చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇక మీ ఇంటి విషయం. ఆయనకు వచనాలు పంపకండి. మీకంటే ఆయనకే ఎక్కువ వచ్చు, ఎదురు వచనం చెప్పి గెలుస్తారు, అక్కడితో ఆగిపోతుంది. "మీరు పరిసయ్యుడిలా ఉన్నారు" అని అసలే అనవద్దు, అలా అంటే మీరే పరిసయ్యుడి ప్రార్థన మొదలుపెట్టినట్టు. పదిమందిలో కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు, జరిగిన ఒక్క సంఘటన తీసుకుని చెప్పండి. ఏ రోజు, ఏ మాట అన్నారు, అది మీకు ఎలా తగిలింది, అంతవరకే. పాత లెక్కలన్నీ ఒకేసారి తీయకండి. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట నోట వచ్చిందంటే ఆయన తన ముప్పై ఏళ్ళ సేవను కాపాడుకోవడంలో పడిపోతారు, జరిగిన సంఘటన పక్కకు పోతుంది.

ఆయన అప్పటికప్పుడు "సరే, దేవుడు మనందరినీ క్షమించునుగాక, ప్రార్థన చేద్దాం" అనొచ్చు. చాలా ఇళ్ళల్లో అక్కడే తెరపడుతుంది. ప్రార్థన చేయండి, కాదనకండి. అయ్యాక మాత్రం, "ఆ రోజు అన్న మాటకు మీరు నాకేమీ చెప్పలేదు" అని మెల్లగా గుర్తుచేయండి. గొంతు పెంచకుండా అనగలిగితేనే. ఆ రోజు అనలేకపోతే ఇంకో రోజు.