స్నేహితుడి 120 కిలోలు, నీ 80 కిలోలు

ప్రశ్న: మేడం, నాకు 17 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిది నెలలుగా మా ఊరి జిమ్‌లో స్క్వాట్ (బరువుల బార్‌ను భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ నుంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిలబడేదాకా లాగడం) చేస్తున్నాను. చేరినప్పుడు 56 కిలోలు ఉండేవాణ్ని, ఇప్పుడు 62. స్క్వాట్ 80 కిలోలకు, డెడ్‌లిఫ్ట్ 100 కిలోలకు వచ్చాయి. బెంచ్ మాత్రం రెండు నెలలుగా 55 దాటడం లేదు. 45 కిలోలతో అప్పట్లో ఐదుసార్లు చేసేవాణ్ని, ఇప్పుడు ఎనిమిదిసార్లు చేస్తున్నాను, అంతే. నాతోపాటే చేరిన నా స్నేహితుడు 120 కిలోల స్క్వాట్ చేస్తున్నాడు. అతని బరువు 78. నేను వెనకబడినట్టేనా? బరువులు ఎత్తితే ఎత్తు పెరగవని అమ్మ కూడా భయపడుతోంది.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో "అంతే" అని తీసిపారేసిన వాక్యం దగ్గరే నేను ఆగాను. 45 కిలోలతో ఐదు నుంచి ఎనిమిదికి రావడం చాలా మంచి ఎదుగుదల. చాలామంది శిక్షకులు వాడే లెక్క ఒకటుంది. ఎన్ని రెప్స్ చేశావో, అంటే ఆపకుండా వరసగా ఎన్నిసార్లు ఎత్తావో, ఆ సంఖ్యను 30తో భాగించు, దానికి ఒకటి కలుపు, వచ్చినదాన్ని ఎత్తిన బరువుతో గుణించు. ఒక్కసారికి ఎంత ఎత్తగలవో ఇంచుమించుగా తెలుస్తుంది. 45 కిలోలకు ఐదు రెప్స్ అయితే 52.5 వస్తుంది. ఎనిమిదికి 57 వస్తుంది. అంటే ఆగిపోయిందనుకున్న రెండు నెలల్లోనే నీ బెంచ్ బలం నాలుగు కిలోలకు పైగా పెరిగిందన్నమాట. ఇది అంచనాయే. రెప్స్ పది దాటితే ఈ లెక్కను నేనూ నమ్మను. కానీ ఐదు, ఎనిమిది దగ్గర బాగా పనికొస్తుంది.

మరి 55 ఎందుకు దాటడం లేదు? బార్ చివర్లకు తగిలించే ప్లేట్లలో మీ జిమ్‌లో ఉన్న అతి చిన్నది ఏదో చూడు. 2.5 కిలోలదైతే, రెండు వైపులా వేసేసరికి ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. 100 కిలోల డెడ్‌లిఫ్ట్‌కు అది ఐదు శాతం. 55 కిలోల బెంచ్‌కు తొమ్మిది శాతం! పెద్దవాళ్లకే కష్టమైన మెట్టు అది. 1.25 కిలోల ప్లేట్లు ఒక జత తెప్పించమని యజమానిని అడుగు, కుదరకపోతే నువ్వే కొనుక్కుని సంచిలో పెట్టుకు వెళ్లు. రెండున్నర కిలోలను తక్కువగా చూడకు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 కిలోలకు వెళ్లాయి. ఆమెది వెయిట్ లిఫ్టింగ్, నువ్వు చేసేవి పవర్‌లిఫ్టింగ్‌లోని మూడు లిఫ్టులు. ఆటలు వేరైనా రెండున్నర కిలోల విలువ ఒకటే.

ఇక నీ స్నేహితుడి సంగతి. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళితే అంతర్జాతీయ సమాఖ్య విభజన ప్రకారం నువ్వు 66 కిలోల విభాగంలో, అతను 83 కిలోల విభాగంలో ఉంటారు. మీ ఇద్దరికీ అసలు పోటీయే ఉండదు. ఇంకా ముఖ్యమైనది, అతను ఎంతవరకు కూర్చుంటున్నాడు? తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందకు దిగితేనే పోటీలో స్క్వాట్ చెల్లుతుంది. సగం కూర్చుని లేచేవాడు ఎన్ని కిలోలు వేసుకున్నా అది వేరే వ్యాయామం. అతన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నీ 80కి కూడా ఇదే పరీక్ష పెట్టు. ఫోన్‌ను నీ తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి పెట్టి వీడియో తీసుకో. పైనుంచి, ముందునుంచి తీస్తే లోతు సరిగా తెలియదు. గత నెల 75 పూర్తిగా దిగి చేసి, ఈ నెల 80 రెండు అంగుళాలు పైనే ఆపావనుకో, అది ఎదుగుదల కాదు. 75నే మరింత నిలకడగా, అదే లోతులో చేశావా, అది ఎదుగుదలే. బెంచ్‌లోనూ అంతే. బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాలి, పిరుదులు బల్ల మీదే ఉండాలి. ఛాతీకి కొట్టించి ఎగరేసిన 60 కన్నా ఆపి నెట్టిన 55ను నేను ఎక్కువగా లెక్కిస్తాను.

ఎవరూ చూడని విషయం ఇంకొకటి. మీ జిమ్‌లో బార్ బరువెంత? పోటీల్లో వాడే బార్ 20 కిలోలు. చిన్న జిముల్లో అంతకన్నా తేలికైనవి చాలా ఉంటాయి, అందరూ 20 అనుకునే లెక్కపెడతారు. బార్‌ను కాటా మీద పెట్టి చూడు, అదే చేత్తో ప్లేట్లు కూడా. డెడ్‌లిఫ్ట్‌కు ప్లేటు వ్యాసం కూడా ముఖ్యం. పోటీ ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు, కాబట్టి బార్ నేలకు 225 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ఇనుప ప్లేట్లయితే బార్ ఇంకా కిందకు వస్తుంది, అక్కడి నుంచి లాగడం కష్టం. అలాంటి ప్లేట్లతో నువ్వు 100 లాగుతున్నట్టయితే, వేరే జిమ్‌లో నీ అంకె దానంతట అదే మారుతుంది. అందుకే అదే బార్, అవే ప్లేట్లు, అదే లోతు ఉన్నప్పుడే నీ అంకెను నీ పాత అంకెతో పోల్చుకో.

ప్రతి ఆదివారం మాక్స్, అంటే ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువు, చూసుకునే అలవాటు నాకు అసలు నచ్చదు. బలం పెంచేది ఐదేసి రెప్స్ సెట్లు, మాక్స్ ఆ పెరిగినదాన్ని కొలుస్తుంది. మూడు నాలుగు నెలలకు ఒకసారి కొలిస్తే చాలు, పబ్లిక్ పరీక్షల ముందు అదీ వద్దు. రాత్రి నాలుగు గంటలు నిద్రపోయి ఎత్తిన అంకె నీ బలాన్ని చెప్పదు, నీ అలసటను చెబుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టు. తేదీ, ఒంటి బరువు, ఎన్ని కిలోలు, ఎన్ని రెప్స్, చివరి రెప్ తరువాత ఇంకా ఎన్ని చేయగలిగేవాడివి, రాత్రి ఎంతసేపు నిద్రపోయావు. ఒక వారం పేజీ చూసి కంగారు పడకు, మూడు నెలల పేజీలు పక్కపక్కన పెట్టి చూడు. కొత్తలో మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ వాటా నాడీ వ్యవస్థది, ఉన్న కండనే బాగా వాడుకోవడం శరీరం నేర్చుకుంటుంది. ఎనిమిది నెలలకు ఆ వేగం తగ్గడం సహజం. పైగా నువ్వింకా ఎదిగే వయసులో ఉన్నావు. కాళ్లు, చేతులు పొడవైతే నిలబడే తీరు, పట్టు వెడల్పు మళ్లీ సర్దుకోవాలి, ఆ కొన్ని వారాలు అంకెలు కదలవు.

అమ్మగారి భయం సంగతి. తెలిసిన శిక్షకుడి పర్యవేక్షణలో బరువులు ఎత్తితే ఎత్తు ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. ప్రమాదమంతా పర్యవేక్షణ లేకుండా, చేతకాని బరువును వంగిన నడుముతో లాగడంలో ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తని భాగం ఉంటుంది, దానికి దెబ్బ తగలడం నిజంగా మంచిది కాదు. స్క్వాట్ ర్యాక్‌లో అడ్డు కడ్డీలు పెట్టకుండా, బెంచ్ వెనక మనిషి లేకుండా భారీ సెట్టు మొదలుపెట్టవద్దు. నడుములో నొప్పి వారం దాటి ఉంటే బరువు తగ్గించడంతో సరిపెట్టకుండా వైద్యుడికి చూపించు. ఈ రెండు విషయాల్లో అమ్మగారికి మాటిచ్చి, ఒకరోజు ఆమెను జిమ్‌కు తీసుకెళ్లి నీ స్క్వాట్ చూపించు.