కందకం ఎలా పూడిందో రాయి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

విండ్‌మిల్ హిల్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. తెలుగులో ఇలాంటి విషయం ఎత్తుకోవడమే సాహసం. దాన్ని ఇంత ఇష్టంగా రాసినందుకు ముందు నా సంతోషం చెప్పాలి. దక్షిణ ఇంగ్లండులోని సుద్దరాతి గుట్ట మీద, క్రీ.పూ. 37వ శతాబ్దంలో, అక్కడి తొలి రైతులు ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు వలయాల కందకాలు తవ్వడం, మధ్యమధ్య తవ్వకుండా నడకదారులు వదలడం, ఎర్రజింక కొమ్ములతో సుద్దను పెళ్ళగించడం, అన్నీ కళ్ళకు కట్టాయి. ఆ తర్వాత "కాలక్రమంలో కందకాలు పూడిపోయాయి" అని ఒక్క మాట అనేసి మ్యూజియంలోకి వెళ్ళిపోయావు. ఆ ఒక్క వాక్యాన్ని విప్పి రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆలోచించమ్మా. తవ్విన వాళ్ళు సుద్దను బయటికి ఎత్తిపోశారు. కందకంలో వాళ్ళు మిగిల్చింది ఖాళీ. పురావస్తు శాస్త్రవేత్తకు అందులో దొరికే ఎముక, కుండపెంకు, చెకుముకి రాయి, బొగ్గు, దాదాపు అన్నీ తవ్వకం అయ్యాక లోపలికి చేరినవే. కొన్ని మర్నాడే చేరి ఉండొచ్చు, కొన్ని వేల ఏళ్ళకు. ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, ఏది మనిషి పెట్టింది, ఏది దానంతటదే జారిపడింది అన్నదే అసలు కథ. నీ వ్యాసంలో ఆవు పుర్రె, రోమన్ల కాలపు పెంకు ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ రెంటికీ మధ్య మూడున్నర వేల ఏళ్ళకు పైగా దూరం ఉంది.

కందకం ఎలా పూడుతుందో ఊహించి రాయాల్సిన పని లేదు. 1960లో, విండ్‌మిల్ హిల్ ఉన్న విల్ట్‌షైర్ ప్రాంతంలోనే, ఓవర్టన్ డౌన్ అనే చోట ఒక కందకం తవ్వి, పక్కనే ఆ సుద్దతో కట్ట పోశారు. అవి ఎలా శిథిలమవుతాయో చూడటానికే ఆ పని. కొంత భాగాన్ని పాతకాలం పద్ధతిలో జింక కొమ్ములతో, ఎద్దు జబ్బ ఎముకలతో తవ్వి చూశారు. కట్ట లోపల బట్ట, తోలు, కర్ర, ఎముక పాతిపెట్టారు. 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్ళకు ఒక్కో చోట నిలువుగా కోసి చూడాలన్నది పథకం. మొదలుపెట్టిన వాళ్ళు చివరి కోత చూడలేరు. అది తెలిసే మొదలుపెట్టారు. ఈ విషయం నీ వ్యాసంలో లేకపోవడం నాకు వెలితిగా తోచింది.

అక్కడ జరిగింది దగ్గరగా చూడు. కొత్తగా తవ్విన కందకం గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. సుద్ద నీళ్ళు పీల్చుకునే రాయి. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, రాతిని పగలగొడుతుంది. మంచు కరగగానే గోడ నుంచి సుద్ద ముక్కలు రాలి, అడుగున రెండు మూలల్లో కుప్పపడతాయి. ఎండాకాలంలో వానజల్లు సన్నటి పొడిని మాత్రమే కిందికి తెస్తుంది. చలికాలపు ముతక పొర, దాని మీద ఎండాకాలపు సన్న పొర, ఇలా కొన్నేళ్ళ పాటు ఏటికేడు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా పడతాయి. పైన గోడ వెనక్కి తగ్గేసరికి అంచున ఉన్న పచ్చిక ఆధారం లేక వేలాడి, ఒకరోజు వేళ్ళతో సహా గడ్డలుగా కిందపడుతుంది. అడుగున ఎక్కడ చీకటి రంగు మట్టిగడ్డ కనబడినా మనిషి విసిరాడనుకోకూడదు అనడానికి ఇదే కారణం. కొన్నేళ్ళకు వాలు సర్దుకుంటుంది, గడ్డి మొలుస్తుంది, రాలడం ఆగుతుంది. 1976 కోతకీ 1992 కోతకీ మధ్య పెద్ద మార్పేమీ కనబడలేదు. అంటే అడుగు భాగం ఒక తరం గడవకముందే కప్పుకుపోతుంది. ఆపైన శతాబ్దాల పాటు వానపాములు తిప్పిన మట్టి అంగుళం అంగుళం పేరుకుంటుంది. ఇక పై పొర, ఎప్పుడో ఆ గుట్టను నాగలితో దున్నినప్పుడు జారివచ్చిన పొలం మట్టి. నువ్వు చెప్పిన రోమన్ పెంకులాంటివి ఉండేది అక్కడ.

ఇంకో సంగతి. రాలిన సుద్ద గోడ కింది భాగాన్ని త్వరగానే కప్పేసి కాపాడుతుంది. పై భాగం మాత్రం వెనక్కి వెనక్కి తరిగిపోతుంది. అందుకే ఇవాళ కోతలో కందకం గరాటు ఆకారంలో కనిపిస్తుంది. తవ్విన రోజున అది అంత వెడల్పు లేదు. "ఆనాటి వాళ్ళు ఇంత వెడల్పైన కందకం తవ్వారు" అని నువ్వు ఇచ్చిన కొలత మంచు తవ్విన దాన్ని కూడా కలుపుకున్న కొలత.

పూడిక మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా జరిగింది కదా, నీ పేజీలు కూడా అలాగే పంచుకో. మొదటి చలికాలానికి ఒక పేరా ఇవ్వు. గడ్డి మొలిచాక వెయ్యేళ్ళను రెండు వాక్యాల్లో దాటెయ్యి. పాఠకుడికి కాలం నడక ఒంటికి తెలుస్తుంది. అన్నిటికీ సమానంగా చోటిస్తే ఏదీ గుర్తుండదు.

ఇక మనుషుల సంగతి. నీ పేరాల్లో నాకు బాగా నచ్చిన మాట "ఎముకల గుత్తులు". విండ్‌మిల్ హిల్‌లో, 1925-29 మధ్య అలెగ్జాండర్ కీలర్ తవ్వించినప్పుడూ, 1988లో అలస్డేర్ విటిల్ బృందం మళ్ళీ కోతలు వేసినప్పుడూ, పశువుల ఎముకలు గుంపులుగా బయటపడ్డాయి. వాటిని ఎవరో పెట్టారని ఎలా తెలుస్తుంది? పాఠకుడికి ఆ తర్కం చూపించాలి. ఎముక ఆరుబయట పడి ఉంటే ఎండకు పగులుతుంది, కుక్క కొరికిన గాట్లు పడతాయి. అవేవీ లేకుండా ఎముక నునుపుగా ఉండి, చుట్టూ ముతకా సన్నా వేరుపడని సుద్ద ఉంటే, పెట్టిన వెంటనే ఎవరో కట్ట నుంచి సుద్ద తోసి కప్పారని అర్థం. మంచు, వాన పొరలు వేరు చేస్తాయి. పార వేరు చేయదు. ఈ ఒక్క తేడా చెబితే చాలు, నీ పాఠకుడు తర్వాతి పేజీల్లో తనే పొరలు చదువుకుంటాడు.

కొన్నిచోట్ల పూడిన కందకాన్ని మళ్ళీ తవ్వారు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఎటన్ దగ్గర 1980లలో ఫ్రాన్సిస్ ప్రయర్ తవ్వకాల్లో ఇది బాగా తేలింది. మన ఊళ్ళలో చెరువు పూడిక తీస్తే కొత్త అడుగు పాత అడుగుతో కలవక, కోతలో రెండు గీతలుగా కనిపిస్తుంది కదా, అక్కడా అంతే. కాకపోతే వాళ్ళు పూడిక తీసింది నీటి కోసం కాదు. తీసిన గుంటలో మళ్ళీ వస్తువులు పెట్టి, మళ్ళీ కప్పారు. ఆ నేల చెమ్మగా ఉండటంతో మామూలుగా కుళ్ళిపోయేవి కూడా నిలిచాయి. భోజపత్ర జాతి చెట్టు బెరడు చాప మీద పెట్టిన కుండ ఒకటి దొరికింది. దాని గురించి రాసేటప్పుడు "పూజ", "బలి", "పవిత్రం" అనే మాటలకు వెంటనే చెయ్యి చాచకు. చాప, దాని మీద కుండ, దాని మీద మట్టి, ఈ వరస ఉన్నదున్నట్టు చెప్పు. పెట్టిన వాళ్ళ శ్రద్ధ ఆ వరసలోనే కనబడుతుంది.

తేదీల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. విల్ట్‌షైర్‌లోనే ఉన్న నిలువురాళ్ళ వలయం స్టోన్‌హెంజ్ చుట్టూ ఉన్న కందకం క్రీ.పూ. 3000 ప్రాంతంలో తవ్వారు. తవ్విన జింక కొమ్ములు అడుగున దొరికాయి. అక్కడే దొరికిన పశువుల దవడ ఎముకలు మాత్రం ఆ కొమ్ముల కంటే ఎన్నో ఏళ్ళు పాతవి. ఆ పశువులు చచ్చిపోయాక వాటి ఎముకలను ఎవరో తరాల పాటు దాచి, కందకం తవ్వాక తెచ్చి పెట్టారు. ఆ దవడను బట్టి కందకం వయసు చెబితే తప్పైపోతుంది. అందుకే ఇప్పటి పరిశోధకులు కీళ్ళు ఊడకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఎముకల కోసం వెతుకుతారు. ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు, కండరాలు ఇంకా పట్టి ఉండగానే అవి మట్టిలోకి వెళ్ళాయి కాబట్టి వాటి వయసే ఆ పొర వయసు. విటిల్, ఫ్రాన్సెస్ హీలీ, అలెక్స్ బేలిస్ 2011లో ప్రచురించిన పెద్ద పరిశోధన ఇలాంటి నమూనాల రేడియోకార్బన్ తేదీలను, పొరల వరసతో కలిపి గణితంతో సరిచూసింది. కింది పొర ముందుది, పై పొర తర్వాతది అన్న చిన్న నిజం తేదీలను వందల ఏళ్ళ నుంచి కొద్ది తరాల దాకా బిగించింది. శతాబ్దాల పాటు కొద్దికొద్దిగా వెలిశాయనుకున్న ఇలాంటి ఆవరణలు చాలావరకు కొద్ది తరాల్లోనే ఉప్పెనలా వచ్చాయని అప్పుడు తెలిసింది. కొన్నిటిని ఒక తరం కూడా వాడినట్టు లేదు. నీ వ్యాసానికి ఇదే గుండెకాయ కావాలని నా కోరిక.

స్టోన్‌హెంజ్ కందకం గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1978లో రిచర్డ్ అట్కిన్సన్, జాన్ ఎవాన్స్ అక్కడ పాత కోతనొకదాన్ని తిరిగి తెరిచారు. ఆనాడు చుట్టూ ఏం పెరిగేదో తెలుసుకోవడానికి వాళ్ళు వెతికింది నత్తగుల్లల కోసం. సుద్ద నేలలో పుప్పొడి సరిగా నిలవదు, మిల్లీమీటర్ల గుల్లలు మాత్రం నిలుస్తాయి. నీడలో బతికే నత్తలు ఎక్కువుంటే చుట్టూ పొద, ఎండను తట్టుకునేవి ఎక్కువుంటే బోడి పచ్చిక. కందకం తానే నీడనిస్తుంది గనక ఆ లెక్కనూ తీసేసి చూడాలి. అలా పొరపొరగా మట్టి తీస్తుంటే మనిషి అస్థిపంజరం తగిలింది. దాదాపు సగం పూడిన కందకంలో, క్రీ.పూ. 2300 ప్రాంతంలో, గొయ్యి తీసి పాతిపెట్టిన యువకుడు. ఎముకల్లో చెకుముకి బాణపు మొనలు విరిగి ఇరుక్కుని ఉన్నాయి. కందకం తవ్విన వాళ్ళకీ అతనికీ మధ్య దాదాపు ఏడు వందల ఏళ్ళు. అతణ్ణి "స్టోన్‌హెంజ్ కట్టినవాళ్ళ బలి" అని ఎవరైనా రాస్తే, ఆ ఏడు వందల ఏళ్ళ పూడిక వాళ్ళు చూడలేదన్నమాట.

మన కోటల అగడ్తలతో పోలుస్తూ చివర్లో రాసిన పేరా తీసెయ్యి. ఆ అగడ్తలు వేరే కాలానివి, వేరే అవసరానివి. మన నేల సంగతి తేవాలని ఉంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బ ఉంది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు నవీన శిలాయుగపు పశువుల దొడ్డి బయటపడింది. అక్కడ కందకం లేదు, దుంగల దడి ఉంది. పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చిన బూడిద పొరలు, ఆ పొరల మీద గిట్టల ముద్రలు ఉన్నాయి. అది ఇందులో ఇరికించేది కాదు. విడిగా రాయి, నువ్వే రాయి.

రెండో ప్రతితో పాటు కందకం నిలువు కోత బొమ్మ ఒకటి నీ చేత్తో గీసి పంపు. అచ్చులో వేయకపోయినా ఫరవాలేదు. ఏ పొర ఎక్కడ మొదలవుతుందో గీయాల్సి వచ్చేసరికి నీకు తెలియనివి నీకే బయటపడతాయి. వాటిని జాబితా రాసి పంపితే తవ్వకాల నివేదికల్లో ఎక్కడ వెతకాలో చెబుతాను.

నీ మాస్టారు