పెద్ద బ్యాంకు ఐబీ (ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్) వింగ్‌లో చేరుతున్న మేనకోడలికి

బుజ్జీ, ఆఫర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషమే. నువ్వేమో "ఇది అసలు ఐబీ కాదు మామయ్యా, లోన్లిచ్చే బ్యాంకులో ఓ వింగ్ అంతే, గోల్డ్‌మన్ లాంటిది కాదు" అని మూతి ముడుచుకుని మెసేజ్ పెట్టావు, అందుకే ఇంత రాస్తున్నా. అంత పేరున్న ఐబీ సంస్థ గోల్డ్‌మన్ కూడా 2008 సెప్టెంబర్‌లో బ్యాంక్ హోల్డింగ్ కంపెనీగా, అంటే బ్యాంకుల నిబంధనల కిందికొచ్చే సంస్థగా మారిందే తల్లీ. అమెరికాలో 1933 చట్టం డిపాజిట్లు తీసుకునేవాళ్ళనీ కంపెనీల షేర్లు బాండ్లు అమ్మిపెట్టే ఐబీ వాళ్ళనీ విడదీస్తే, జేపీ మోర్గాన్ లోన్ల వైపు ఉండిపోయింది, కొందరు బయటికొచ్చి 1935లో మోర్గాన్ స్టాన్లీ పెట్టుకున్నారు, 1999లో మళ్ళీ కలవొచ్చన్నారు. సరే, చరిత్ర చాలు.

నువ్వు చిన్నచూపు చూస్తున్న ఆ లోనే నీకు తలుపు తీస్తుంది. కంపెనీకి మన బ్యాంకు రివాల్వింగ్ లైన్, అంటే కావాల్సినప్పుడు తీసుకుని, కట్టేసి, మళ్ళీ తీసుకునే అప్పు ఇస్తుంది, అందులో మిగిలేది పెద్దగా ఉండదు, రేపు వాళ్ళు బాండ్లు వేసినా ఇంకో కంపెనీని కొన్నా మనల్ని పిలుస్తారన్న ఆశతోనే ఇస్తారు. ఆశపడొచ్చు గానీ షరతు పెట్టకూడదు, లోన్ కావాలంటే ఐబీ పని మాకే ఇవ్వాలనడం అమెరికాలో 1970 నుంచి చట్టవిరుద్ధం. ఇంకోటి, ఆ కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే సీఎఫ్ఓతో మన బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్‌కి ఏళ్ళ తరబడి పరిచయం ఉంటుంది, ఆ మేనేజర్‌ని దాటేసి నువ్వు నేరుగా మెయిల్ కొట్టావంటే ఆ క్లయింట్ దగ్గరికి నిన్ను మళ్ళీ తీసుకెళ్ళడు.

అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే క్రెడిట్ వాళ్ళని మాత్రం శత్రువుల్లా చూడకు. కొత్తలో నేను ఒక కంపెనీ కొనుగోలుకి బ్రిడ్జ్ లోన్ (బాండ్ల డబ్బు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక అప్పు) మెమో రాసి, నలభై పేజీలు, రెండు కంపెనీలు కలిస్తే వచ్చే సినర్జీ లాభాలూ గ్రాఫులూ అన్నీ పెట్టి గర్వంగా కమిటీకి పట్టుకెళ్ళా. క్రెడిట్ ఆఫీసర్ గారు అవేవీ చూడలేదు, రీపేమెంట్ పేజీలో "బాండ్ ఇష్యూతో తీరుస్తారు" అన్న లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి "బాండ్లు ఎవరూ కొనకపోతే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, పక్కన మా డైరెక్టర్ నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇది ఉత్త భయం కాదు, 2022లో ట్విట్టర్ కొనుగోలుకి బ్యాంకులు దాదాపు 13 బిలియన్ డాలర్లు అప్పిచ్చాయి, ఇన్వెస్టర్లకి అమ్మేద్దాం అనుకునేసరికి మార్కెట్ తిరగబడి అందులో చాలా భాగం రెండేళ్ళకి పైగా వాళ్ళ నెత్తినే కూర్చుంది. ఫీజు వచ్చేది నీ టీమ్‌కి, ఇరుక్కుపోయేది బ్యాంకు సొమ్ము, అందుకే మెమో రాసేటప్పుడు ఆ పేజీ ముందు రాయి, గ్రాఫులు తర్వాత వేసుకోవచ్చు.

డీల్ రహస్యాలు బ్యాంకులో మిగతా విభాగాలకి పొక్కకుండా కట్టే అడ్డుగోడ, చైనీస్ వాల్ సంగతి ట్రైనింగ్‌లో ఎలాగూ బుర్ర తినేస్తారు. డీల్‌కి కోడ్ నేమ్ పెట్టేది ఎందుకంటే లిఫ్ట్‌లో నీ వెనక నిలబడ్డవాడు ట్రేడింగ్ ఫ్లోర్ వాడు కావచ్చు, ఒక్కోసారి అవతలి కంపెనీ లాయరే కావచ్చు. కోడ్ నేమ్ కూడా లిఫ్ట్‌లో పలకకు, అంతే.

ఎక్సెల్‌లో కంపెనీ లెక్కల అంచనాలు కట్టే మోడలింగ్ గురించి బెంగ వద్దు, రాత్రుళ్ళు కూర్చుంటే అదే వస్తుంది.

చివరగా, చేరకముందే నీ పేరు మీదున్న డీమ్యాట్ ఖాతాలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకో, రూల్స్ పాటిస్తున్నామో లేదో చూసే కంప్లయన్స్ వాళ్ళు మొదట్లోనే అడుగుతారు, ఏది కొనాలన్నా అమ్మాలన్నా ముందే పర్మిషన్ తీసుకోవాలి. నీ ఖాతాలో మీ నాన్న రోజూ చేసే ట్రేడింగ్ ఇక బంద్. ఆ విషయం బావకి నువ్వు చెప్తే వినడు గానీ, ఆదివారం నేనే ఫోన్ చేస్తాలే.