షుగర్ ఉన్న సంగతి దాచి టర్మ్ పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటుగా చేస్తున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. ఏడాది కిందట డాపాగ్లిఫ్లోజిన్ కూడా మొదలుపెట్టారు. బీపీకి టెల్మిసార్టన్ 40 వేసుకుంటాను. మొన్న హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 7.8 వచ్చింది. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకుందామంటే ఏజెంటు 'షుగర్ సంగతి రాయకండి, మూడేళ్లు దాటితే కంపెనీ ఏమీ చేయలేదు' అంటున్నాడు. పరీక్షకు వారం ముందు మందుల డోసు పెంచుకుంటే చాలని కూడా చెబుతున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: షుగర్ ఉందని రాయండి. ఏ సంవత్సరంలో బయటపడిందో, ఏ మందు ఎంత డోసులో వాడుతున్నారో అంతా రాయండి. షుగర్ ఉన్నంత మాత్రాన టర్మ్ పాలసీ రాకుండా పోదు. హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా పాలసీలు పెట్టిన కంపెనీలు కూడా ఉన్నాయి.

ఏజెంటు చెప్పిన మూడేళ్ల మాటలో సగమే నిజం. బీమా చట్టం 45వ సెక్షన్‌ను 2015లో సవరించారు. దాని ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణం చూపించీ కంపెనీ దాన్ని ప్రశ్నించకూడదు. అయితే ఆ మూడేళ్ల లోపే మీకేదైనా జరిగితే పరిస్థితి వేరు. అలాంటి క్లెయిమ్ వస్తే కంపెనీ విచారణకు మనిషిని పంపుతుంది. అతను మీరు చూపించుకున్న ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపుల్లో ఆరా తీస్తాడు. కావాలని దాచారని తేలితే మీ ఇంట్లోవాళ్ల చేతికి రూపాయి కూడా రాకపోవచ్చు. మోసం లేదు, పొరపాటున రాయలేదని తేలినా కట్టిన ప్రీమియం మాత్రమే వెనక్కిస్తారు, కోటి రూపాయలు ఇవ్వరు. ఇంకొకటి కూడా ఉంది. ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి, మళ్లీ పునరుద్ధరించుకుంటే మూడేళ్ల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

పైగా దాచాలన్నా దాగదు. కోటి రూపాయల పాలసీకి సాధారణంగా రక్తపరీక్షలు అడుగుతారు, అందులో హెచ్‌బీఏ1సీ ఉంటుంది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 7.8 అంటే సగటున షుగర్ 177 దగ్గర ఉన్నట్టు. వారం రోజులు గ్లిమిపిరైడ్ పెంచితే పరగడుపు షుగర్ 95కి దిగొచ్చు గానీ ఆ 7.8 పెద్దగా కదలదు. రిపోర్టు చూసే డాక్టరుకు ఈ రెండు అంకెలు పొంతన లేకుండా కనిపిస్తాయి. అదీగాక పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉంచి, ఆ పైన పెంచిన గ్లిమిపిరైడ్ వేసుకుంటే ల్యాబులోనే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. డోసు మార్చాల్సి వస్తే ఆ పని మీ డాక్టరు చేయాలి, ఏజెంటు కాదు.

కంపెనీ డాక్టరు అసలు చూసేది షుగర్ ఉందా లేదా అని కాదు. ఆరేళ్లలో అది కిడ్నీలను, కళ్లను, గుండెను, నరాలను ఎంతవరకు తాకిందన్నదే చూస్తాడు. ఒకే 7.8 ఉన్న ఇద్దరిలో మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాడికి తిరస్కరణ రావొచ్చు, అన్నీ సవ్యంగా ఉన్నవాడికి కొంచెం ఎక్కువ ప్రీమియంతో పాలసీ రావొచ్చు. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే ఈ పరీక్షలు మీ అంతట మీరే చేయించుకోండి: మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూసేది), రక్తంలో క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), ఈసీజీ, కంటి డాక్టరు దగ్గర రెటీనా పరీక్ష. నిష్పత్తి 30 లోపు, ఈజీఎఫ్ఆర్ 60కి బాగా పైన, బీపీ 130/80 దగ్గర ఉంటే మీ దరఖాస్తుకు బలం వస్తుంది. నిష్పత్తి 30 దాటితే కంగారు పడొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు బాగా వ్యాయామం చేయడం, వీటిలో ఏ ఒక్కటైనా దాన్ని పెంచుతుంది. కొద్ది వారాల తర్వాత మళ్లీ చేయించండి. రెటీనా పరీక్షను చాలామంది చూపు బాగానే ఉందని వాయిదా వేస్తుంటారు. షుగర్ వల్ల కంటికొచ్చే మార్పు మొదట్లో చూపును ఏమీ చేయదు, అందుకే అది ఉన్న సంగతి తెలియదు.

మీ విషయంలో ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ పనే గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపడం. రక్తంలో షుగర్ చక్కగా ఉన్నా మూత్ర పరీక్షలో 'గ్లూకోజ్ 3 ప్లస్' అని వస్తుంది. ఈ మందు పేరు ఫారంలో లేకపోతే, రిపోర్టు చూసేవాళ్లు షుగర్ అదుపు తప్పిందనుకుంటారు. ఫారంలో రాయండి, శాంపిల్ ఇచ్చేటప్పుడు ల్యాబు మనిషికి చెప్పండి, మీ డాక్టరు సర్టిఫికెట్‌లోనూ ఉండేలా చూడండి. పరీక్ష కోసమని ఈ మందు ఆపకండి.

రక్తహీనత ఉందేమో కూడా చూసుకోండి. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. తలసీమియా లాంటి వంశపారంపర్య రక్తవ్యాధుల్లో తక్కువగా చూపించొచ్చు. హిమోగ్లోబిన్ తక్కువుంటే దానికి వైద్యం చేయించుకుని, కొన్నాళ్లు ఆగి హెచ్‌బీఏ1సీ చేయించడం మేలు.

పొగాకు సంగతి మీరు రాయలేదు. మూత్రంలో కోటినిన్ అనే పరీక్ష చేస్తారు. సిగరెట్టే కాదు, గుట్కా, ఖైనీ, జర్దా, ఆఖరికి మానడానికి నమిలే నికోటిన్ గమ్ కూడా అందులో పట్టుబడుతుంది. షుగర్, పొగాకు రెండూ ఉన్నవారిని చాలా కంపెనీలు ఒప్పుకోవు.

పరీక్ష రోజు 10 నుంచి 12 గంటలు పరగడుపున ఉండాలి, మంచినీళ్లు తాగొచ్చు. ఉదయం షుగర్ మాత్రలు రక్తం ఇచ్చి టిఫిన్ తినేటప్పుడు వేసుకోండి, టెల్మిసార్టన్ మాత్రం రోజూ వేసుకునే వేళకే వేసుకోండి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునేవాళ్లు ఆలస్యం చేస్తుంటారు. పద్నాలుగు గంటలు దాటాక కూడా వాళ్ల కోసం ఆకలితో కూర్చోవద్దు. తినేసి ఇంకో రోజుకు మార్చుకోండి. జలుబు, జ్వరం ఉన్నా, మోకాలి నొప్పికో ఆస్తమాకో స్టెరాయిడ్ తీసుకున్నా వాయిదా అడగండి. స్టెరాయిడ్‌తో షుగర్ రెండు మూడొందలకు పోవడం మామూలే.

కాగితాల్లో ముఖ్యమైనది మీకు వైద్యం చేసే డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్. షుగర్ ఏ నెల, ఏ సంవత్సరంలో బయటపడింది, ఇప్పుడు వాడుతున్న మందులు, చివరి హెచ్‌బీఏ1సీ, అవయవాలకు దెబ్బ ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. మొట్టమొదటి మందుల చీటీ దొరికితే పదిలంగా పెట్టుకోండి. ఎందుకో చెబుతాను. రేపెప్పుడైనా ఆస్పత్రిలో చేరితే డ్యూటీ డాక్టరు 'ఎన్నేళ్లుగా షుగర్' అని అడుగుతారు. పక్కనున్న బంధువు కంగారులో 'పదేళ్ల పైనే ఉండొచ్చు' అంటారు. ఆ మాట అలాగే కేసు షీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. ఫారంలో ఆరేళ్లు, ఆస్పత్రి కాగితంలో పదేళ్లు! క్లెయిమ్ ఆపడానికి కంపెనీకి ఆ తేడా చాలు. షుగర్ వచ్చిన సంవత్సరం మీ ఆవిడకు ఇప్పుడే చెప్పి ఉంచండి. డిశ్చార్జి సమ్మరీని బిల్లు కట్టి బయటపడేలోపే చదివి, తప్పుంటే దిద్దించుకోండి.

ప్రపోజల్ ఫారం, అంటే దరఖాస్తును, ఏజెంటు ఫోనులో నింపి ఓటీపీ ఒక్కటి అడుగుతాడు. అన్ని ప్రశ్నలకూ 'లేదు' అని తనే నొక్కుకుంటూ పోతాడు. ఓటీపీ చెప్పే ముందు ఫారమంతా చదవండి. కంపెనీ డాక్టరు ఫోను చేసి అడిగే ప్రశ్నలు రికార్డవుతాయి, ఫారంలో రాసిన జవాబులే అక్కడా చెప్పండి. పాలసీ బాండుతో పాటు ఫారం కాపీ వస్తుంది. తేడా కనబడితే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దనుకుని తిప్పి పంపే హక్కు కూడా మీకుంది.

కంపెనీ మామూలు ప్రీమియానికే ఇవ్వొచ్చు, లోడింగ్ (అదనపు ప్రీమియం) వేయొచ్చు, మూడు నుంచి ఆరు నెలలు ఆగమనొచ్చు, కుదరదనొచ్చు. మామూలు ప్రీమియం ఏడాదికి 20 వేలనుకుంటే, 50 శాతం లోడింగ్‌తో 30 వేలవుతుంది. ఇద్దరు పిల్లల బాధ్యత ఉన్నప్పుడు ఆ పదివేలకు వెనకాడొద్దనే నా అభిప్రాయం. తీవ్ర వ్యాధుల రైడరు (పాలసీకి అదనంగా జోడించుకునే రక్షణ) మాత్రం షుగర్ ఉన్నవారికి తరచుగా ఇవ్వరు. ఒకేసారి నాలుగు కంపెనీలకు దరఖాస్తు పెట్టకండి. ఒకరు కాదన్న సంగతి తర్వాతి ఫారంలో చెప్పి తీరాలి, ఆ ప్రశ్న దాదాపు అన్ని ఫారాల్లోనూ ఉంటుంది.

7.8తో ఇప్పుడే పెట్టాలా, ఆగాలా? ముందు మూత్రం, రెటీనా పరీక్షలు ఈ వారంలోనే చేయించండి. అవి బాగుంటే, ఇప్పుడే దరఖాస్తు చేయడమే నయమనుకుంటాను. లోడింగ్ మరీ ఎక్కువైతే, మీ డాక్టరు మందులు సరిచేశాక, రాత్రి అన్నం తగ్గించి రోజూ 40 నిమిషాలు నడుస్తూ మూడు నెలల్లో 7 దగ్గరకు తెచ్చుకుని మళ్లీ ప్రయత్నించొచ్చు. ఈలోగా మీ బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరండి. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా, 18 నుంచి 50 ఏళ్లవారికి. ప్రమాద మరణానికి తప్ప, చేరిన మొదటి 30 రోజుల్లో క్లెయిమ్ రాదు. మీ కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఎంతుందో కూడా హెచ్ఆర్‌ని అడగండి. అయితే ఉద్యోగం మానేస్తే అది పోతుంది కాబట్టి దాన్ని చూసుకుని సొంత పాలసీని వాయిదా వేయకండి.