మగ్గం ముందు కూర్చోబుద్ధి కానప్పుడు

అమ్మలూ,

"ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు బ్లౌజులకి మగ్గం వర్క్ కుట్టుకున్నప్పుడు ఎంత హాయిగా ఉండేదో పెద్దమ్మా, ఇప్పుడు ఫ్రేమ్ చూస్తేనే నీరసం వస్తోంది" అన్నావు మొన్న ఫోన్‌లో. ఉన్న ఇష్టం కాస్తా పోయిందేమోనని నీ భయం. నాకలా అనిపించడం లేదు. ఆరీ సూది, అదే మగ్గం పనికి వాడే కొక్కెం సూది, పట్టుకోవడం నీకిప్పటికీ ఇష్టమే. దాని చుట్టూ చేరిన మిగతా పనే నిన్ను అలసిపోయేలా చేస్తోంది. బేరాలు, "రేపు మధ్యాహ్నానికే కావాలి" అనే ఫోన్లు, రాని బాకీలు. వీటిని కుట్టుకునే వేళల్లోకి రానివ్వకు. పొద్దున వెలుతురు బాగున్నంతసేపూ ఫోన్ వేరే గదిలో పెట్టెయ్. వాట్సాప్ ఫొటోలు, కొలతలు, రేట్ల మాటలు సాయంత్రం చూసుకోవచ్చు. సగం డబ్బు అడ్వాన్స్‌గా చేతికి రానిదే బట్ట ఫ్రేముకి ఎక్కించకు. మొహమాటపడి ఒప్పుకున్న పని ఎంతకీ సాగదు.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఫొటో చూపించి "అచ్చం ఇలాగే" అంటారు. అదే నెమలి, అవే ఏనుగులు, అవే కుందన్లు. వరసగా అవే కుడుతుంటే ఎవరికైనా విసుగొస్తుంది, అది నీ బద్ధకం కాదు. ఫొటో కాదనకు, కానీ ఒక్క చోటు అడిగి తీసుకో. "మెడ మీరు చెప్పినట్టే వేస్తానండీ, చేతుల అంచు మాత్రం నాకు వదిలేయండి" అను. చాలామంది సరేనంటారు. ఆ జానెడు అంచులో ఏం వెయ్యాలా అన్న ఆలోచనే మర్నాడు నిన్ను ఫ్రేము దగ్గరికి తీసుకొస్తుంది. ఒప్పుకోనివాళ్ళకి అడిగింది అడిగినట్టు శుభ్రంగా కుట్టిచ్చెయ్, అదీ గౌరవమైన పనే.

అంచుకి ఏదైనా తోచాలంటే ఫోన్‌లో వెతక్కు. పూసలకీ జరీకీ చార్మినార్ వైపు ఎలాగూ వెళ్తావు కదా, పత్తర్‌గట్టి దగ్గరున్న బాద్‌షాహీ ఆశూర్‌ఖానాలోకి, అంటే మొహర్రానికి పీర్లని నిలిపే చోటికి, ఒకసారి వెళ్ళు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించాడు. గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ పలకలతో కూర్చిన ఆలం (పీరు) ఆకారాలు, ఆరు మూలల గళ్ళు చూస్తే ఒక గడిలో ఎన్ని రంగులు ఇముడుతాయో తెలుస్తుంది. అది ప్రార్థన చేసుకునే చోటు, నెమ్మదిగా చూసి రా. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అక్కడికి దగ్గరే, శుక్రవారం మాత్రం సెలవు. చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్ళి పెన్సిల్‌తో గీసుకో. ఫొటో తీస్తే మళ్ళీ చూడవు, గీస్తే చేతికి గుర్తుంటుంది.

రోజూ కూర్చోవడం గురించి అడిగావు. మూడ్ కోసం ఎదురుచూడకు, అది కుట్టడం మొదలుపెట్టాకే వస్తుంది. లేచేటప్పుడు పువ్వు పూర్తిచేసి లేవకు, రెండు రేకులు మిగిల్చి, సూది పక్కనే ఆ దారం పెట్టి లే. పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలన్న టెన్షన్ ఉండదు. మధ్యమధ్యలో తలెత్తి కిటికీలోంచి దూరంగా చూడు, కళ్ళూ మెడా పాడుచేసుకుంటే తర్వాత ఎంత ఇష్టమున్నా పనికిరాదు.

ఆషాఢంలో ఆర్డర్లు తగ్గాయని కంగారుపడ్డావు. పెళ్ళిళ్ళు లేని నెల, తగ్గడం మామూలే. ధనుర్మాసంలోనూ అంతే. ఆషాఢం సేల్స్‌లో చీరలు కొన్నవాళ్ళందరూ శ్రావణానికి బ్లౌజులు పట్టుకుని వస్తారు, వరలక్ష్మీ వ్రతం ముందు నీకు ఊపిరాడదు. అందుకే ఈ ఖాళీలో ఎవరూ అడగనిది ఒకటి కుట్టు. బట్ట నీది, రంగులు నీవి, గడువు లేదు. దాన్ని అమ్మెయ్యకు, గోడకి తగిలించు. వచ్చినవాళ్ళు దాన్ని చూసి "ఇలాంటిది మాకూ" అన్నారంటే, నీకు నచ్చిన పనికే గిరాకీ మొదలైనట్టు.

శ్రావణానికి ఎన్ని ఒప్పుకోవాలో ఇప్పుడే లెక్క వేసుకో. ఒక్కో బ్లౌజుకి ఎన్ని గంటలు పడుతోందో ఈ వారం ఒక పుస్తకంలో రాసిపెట్టు. మిషన్ ఎంబ్రాయిడరీ ధరతో పోల్చుకుని నీ రేటు తగ్గించుకోకు, గంటల్ని బట్టే చెప్పు. ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని రేట్లు వేద్దాం.

మీ పెద్దమ్మ