కలబంద నుంచి హైడ్రోసోల్ తీసి అమ్మితే గిట్టుబాటు అవుతుందా?

చంద్రగిరి పక్కన ఎకరా ఎర్రనేల ఉంది, బోరులో నీళ్లు అంతంతమాత్రం, కలబంద వేసి హైడ్రోసోల్ తీద్దామనుకుంటున్నా అని మీరు అన్నారు. మాదీ తిరుపతి పక్కనే. కలబంద ఉంది, ఆవిరి పట్టి హైడ్రోసోల్ తీసే చిన్న డిస్టిలేషన్ యూనిట్ కూడా ఉంది. కలబంద వేయండి, దాని హైడ్రోసోల్ జోలికి మాత్రం పోవద్దంటాను.

హైడ్రోసోల్ అంటే పన్నీరు (రోజ్ వాటర్) లాంటిదే, ఆకులనో పూలనో ఆవిరి పట్టి ఆ ఆవిరిని చల్లార్చితే దిగే నీళ్లు. ఆవిరితో పాటు పైకి లేచే వాసన పదార్థాలే అందులోకి వస్తాయి. కలబందలో అలాంటి నూనె ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గుజ్జుకు దాని మేలు గుణమిచ్చే జిగురు ఆవిరిలో లేవదు, అడుగునే ఉండిపోతుంది. సీసాలోకి దిగేది కాస్త పచ్చివాసన వేసే డిస్టిల్డ్ వాటరే. గుజ్జులో నూటికి 98 పాళ్లు నీళ్లే, వాటికోసం కట్టెలు తగలెయ్యడం దేనికి చెప్పండి?

కలబందను ఆకుగానో గుజ్జుగానో అమ్ముకోవాలి. అడుగు ఆకులు కోసి, కోసిన వైపు కిందికి పెట్టి నిలబెడితే పసుప్పచ్చటి చేదు రసం బొట్లు బొట్లుగా కారిపోతుంది. అది పోకుండా గుజ్జు తీస్తే కొందరికి ఒళ్లు దురద, కడుపులోకి పోతే విరేచనాలు. గుజ్జు బయటికి తీశాక మన ఎండలకు గంటల్లో రంగు మారుతుంది. అందుకే కొనేవాళ్లు ఖాయమయ్యాకే పిలకలు నాటండి.

నీళ్లు తక్కువని భయపడకండి. ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తుంది, అందుకే ఎండను ఓర్చుకుంటుంది. దీన్ని చంపేది నవంబరు తుఫాను వానలు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాబట్టి ఎత్తు బోదెల మీద నాటండి.

హైడ్రోసోలే కావాలంటే ఓ పక్క నిమ్మగడ్డి, గట్ల వెంబడి వట్టివేరు వేయండి. నిమ్మగడ్డి నాలుగైదు నెలలకే తొలి కోతకొస్తుంది. వట్టివేరుకు ఏడాది దాటాలి, తవ్వకం కూలీ కూడా ఎక్కువే. అసలు నీళ్లు తాగేది పంట కాదు, యూనిట్‌లో ఆవిరిని చల్లార్చే కండెన్సరు. ఆ నీళ్లను పారబోయకుండా తొట్టిలోకి తిప్పి మళ్లీ వాడండి. మే నెలలో తొట్టి నీళ్లే కాగిపోతాయి గనుక తెల్లవారుజామున పొయ్యి వెలిగించడం మేలు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ముదురు రంగు గాజు సీసాల్లో హైడ్రోసోల్ పోసి చల్లటిచోట పెట్టండి, లేకుంటే బూజులా తెల్లటి పోగులు తేలతాయి.

ముఖానికి రాసుకునేదిగా అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు కావాలి. యూనిట్ కొనకముందే ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.